మగవాళ్లలో కార్టిసాల్ తగ్గితే: లక్షణం పట్టుకోవడం నుంచి టెస్టు, మాత్ర, ఎమర్జెన్సీ ఇంజెక్షన్ దాకా

పొద్దున లేస్తూనే నీరసం, మధ్యాహ్నం మూడింటికి కళ్లు మూతలు పడటం, జిమ్‌లో ఒళ్లు సహకరించకపోవడం, పడక మీద ఇంట్రెస్ట్ తగ్గడం, ఈ నాలుగూ కలిపి నెట్‌లో వెతికారంటే చాలు అడ్రినల్ ఫెటీగ్, అంటే అడ్రినల్ గ్రంథి అలిసిపోయిందనే పేరు ఎదురొస్తది, దాని వెనకే ఖరీదైన సప్లిమెంట్ డబ్బా ఒకటి వస్తది. ఇంకోవైపు ఆ గ్రంథి చేసే కార్టిసాల్ అనే హార్మోన్ నిజంగానే పడిపోయినోళ్లు ఉంటారు, వాళ్లేమో గ్యాస్ అనుకుని, బీపీ డౌన్ అయిందనుకుని ఒక సెలైన్ ఎక్కించుకుని ఇంటికొచ్చేస్తుంటారు. మెడికల్ షాపు కౌంటర్ వెనకాల కూర్చునే నాకు ఈ ఇద్దరూ తగుల్తుంటారు. డబ్బా అడిగేవాడికి చాలాసార్లు ఆ జబ్బే ఉండదు, జబ్బున్నవాడికి దాని పేరే తెలీదు.

సూటిగా చెప్తున్నా, కార్టిసాల్ తగ్గడానికి అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కారణం ఆఫీసు టెన్షన్ కాదు, నొప్పులకో ఆయాసానికో నెలల తరబడి వాడి ఒకరోజు ఠక్కున ఆపేసిన స్టెరాయిడ్. ఆ తర్వాతే మిగతావి. అందుకే ఈ గైడ్ కూడా అక్కణ్నుంచే మొదలవుద్ది. నేను డాక్టర్ని కాదు, డోసులు మీ ఇష్టానికి మార్చుకోమని రాయట్లేదు, డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఏం పట్టుకెళ్లాలో, ఆయన చెప్పేది ఎలా అర్థం చేసుకోవాలో తెలియడానికి రాస్తున్నా.

ముందు ఈ గ్రంథుల సంగతి, క్లుప్తంగా

రెండు కిడ్నీల మీద టోపీల్లా రెండు అడ్రినల్ గ్రంథులు ఉంటాయి, ఒక్కోటి నాలుగైదు గ్రాములు కూడా బరువు దాటదు. పై పొర కార్టిసాల్, ఆల్డోస్టెరాన్, ఇంకా కొంచెం మగ హార్మోన్ లాంటిది తయారు చేస్తది, లోపలి భాగం అడ్రినలిన్ చేస్తది. కార్టిసాల్ పని ఏంటంటే బీపీ నిలబెట్టడం, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు షుగర్ పడిపోకుండా చూడటం, జ్వరమొచ్చినా దెబ్బ తగిలినా ఒంటిని తట్టుకునేలా చెయ్యడం. ఆల్డోస్టెరాన్ ఒంట్లో ఉప్పు నిలుపుద్ది.

ఆర్డరు మాత్రం మెదడు నుంచి రావాలి. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే హార్మోన్ పంపితేనే అడ్రినల్ పని మొదలుపెడ్తది. కాబట్టి తేడా రెండు చోట్ల రావొచ్చు, గ్రంథే పాడైతే ప్రైమరీ అంటారు, దాన్నే అడిసన్స్ డిసీజ్ అంటారు, పైనుంచి ఆర్డర్ రాకపోతే సెకండరీ. థామస్ అడిసన్ అనే ఇంగ్లండ్ డాక్టర్ 1855లో దీన్ని మొదట వివరంగా రాశాడు, ఆయన చూసిన కేసుల్లో గ్రంథుల్ని టీబీ తినేసినవి ఉన్నాయి, ఇన్నేళ్ల తర్వాత కూడా మన దేశంలో టీబీ ఈ లిస్టులో పైనే ఉంది. అమెరికా ప్రెసిడెంట్ కెనడీకి కూడా ఈ జబ్బే, మాత్రలు వేసుకుంటూనే దేశాన్ని నడిపాడు, అంటే సరిగ్గా మందు వాడితే బతుకు ఆగిపోయే జబ్బు కాదన్నమాట.

స్టెప్ 1: గత ఏడాదిగా మింగినవి, పూసినవి, పొడిపించుకున్నవి అన్నీ రాయండి

ఒక కాగితం తీసుకోండి. ప్రెడ్నిసోలోన్ (వైసోలోన్ అని వస్తది), డెక్సామెథసోన్, బెట్నెసాల్, డెఫ్లజాకార్ట్, మెడ్రాల్, వీటిలో ఏది వాడినా రాయండి. మోకాల్లో, భుజంలో వేయించుకున్న ఇంజెక్షన్ కూడా రాయండి, కెనాకార్ట్ లాంటివి కీలులో వేసినా ఒంట్లోకి వెళ్తాయి. ఆస్తమా పఫ్ ఎక్కువ డోసులో ఏళ్ల తరబడి వాడుతుంటే అదీ లెక్కే. తామరకనీ, తెల్లబడటానికనీ నెలల తరబడి రుద్దే క్లోబెటసాల్ క్రీములు కూడా లెక్కలోకే.

అసలు చిక్కు పేరు లేని మందులతో. ఊళ్లో ఆర్‌ఎంపీ పేపర్ పొట్లంలో కట్టిచ్చే సెట్టు ఉంటది కదా, ఒక నొప్పి బిళ్ల, ఒక గ్యాస్ బిళ్ల, మధ్యలో గోరంత బుల్లి మాత్ర ఒకటి, స్ట్రిప్ ఉండదు పేరుండదు, కత్తిరించి పడేస్తారు. వేసుకున్న రెండో రోజుకే మోకాళ్ల నొప్పి మాయం, ఆకలి విపరీతం, ముఖం కాస్త నిండుగా అయ్యి "మందు పట్టింది" అనిపిస్తది. ఆ బుల్లి మాత్ర చాలాసార్లు స్టెరాయిడే. కీళ్ల నొప్పుల పొడులు, ఆయాసం లేహ్యాలు, బరువు పెంచే మాత్రలు అని అమ్మేవాటిలో కూడా స్టెరాయిడ్ కలిపినవి పట్టుబడ్డాయి. మూడు రోజుల్లో అద్భుతం జరిగి, ఆపిన వారంలో మంచం పట్టించే ఏ నాటు మందునైనా ముందు అనుమానించండి.

బయటి నుంచి స్టెరాయిడ్ వస్తున్నంత కాలం పిట్యూటరీ ఆర్డర్లు ఆపేస్తది, అడ్రినల్ ఎండిపోయి కూర్చుంటది. సుమారు మూడు నాలుగు వారాలు దాటి ఒంటికి సహజంగా అవసరమైన దానికన్నా ఎక్కువ డోసు వాడినవాళ్లెవరైనా ఒక్కసారిగా ఆపకూడదు. ఆపితే నీరసం, వాంతులు, ఒళ్లు నొప్పులు, కళ్లు తిరగడం, ఒక్కోసారి ఐసీయూ. ఇది చదివి భయపడి రేపే ఆపేసేరు, అదే అన్నిటికన్నా ప్రమాదం. డాక్టర్ దగ్గరికి వెళ్లి మెల్లగా దించుకోవాలి.

ఒక చిన్న మాట, జిమ్ కుర్రాళ్లు వేసుకునే స్టెరాయిడ్ వేరు, అవి మగ హార్మోన్ జాతి. అవి ఆపినప్పుడు పడిపోయేది ఎక్కువగా టెస్టోస్టెరాన్. రెండూ స్టెరాయిడే కాబట్టి డాక్టర్‌కి "స్టెరాయిడ్ వాడా" అని మాత్రమే చెప్తే సరిపోదు, పేరు చెప్పండి.

స్టెరాయిడ్ కాని మందులు కూడా మూడు గుర్తుపెట్టుకోండి. ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మందులు ఎక్కువ కాలం వాడితే పైనుంచి ఆర్డర్ తగ్గిపోవచ్చు. ఫంగస్‌కి మింగే కీటోకొనజోల్ అడ్రినల్ తయారీనే అడ్డుకుంటది. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ అయితే ఒంట్లో ఉన్న కార్టిసాల్‌ని త్వరగా కరిగించేస్తది, అందుకని గ్రంథి అంతంతమాత్రంగా ఉన్న టీబీ పేషెంట్ మందు మొదలుపెట్టిన కొన్ని వారాల్లో తేరుకోవాల్సింది పోయి ఇంకా కుప్పకూలిపోతాడు. "టీబీ మందు వేడి చేసింది" అని ఇంట్లోవాళ్లు మందు మాన్పిస్తారు, అది ఇంకో ప్రమాదం. అలాంటప్పుడు టీబీ మందు ఆపకుండా కార్టిసాల్ చెక్ చేయించాలి.

స్టెప్ 2: లక్షణాల్ని విడదీసి చూడండి

నీరసం ఒక్కటే ఉంటే దాన్ని బట్టి ఏదీ చెప్పలేం. రక్తం తక్కువైనా, బీ12 తగ్గినా, థైరాయిడ్ అయినా, షుగర్ అయినా, రాత్రి గురకతో శ్వాస ఆగిపోతున్నా, తాగుడు ఎక్కువైనా, డిప్రెషన్ అయినా నీరసమే. మగవాళ్లు ముఖ్యంగా ఆ చివరి మూడూ బయటికి చెప్పరు.

కార్టిసాల్ నిజంగా తగ్గిందా అని అనుమానం రావాల్సింది నీరసంతో పాటు ఇవి తోడైనప్పుడు: ప్రయత్నం లేకుండా బరువు తగ్గడం, అన్నం ముందు కూర్చుంటే వికారం, తరచూ వాంతులు, కారణం దొరకని కడుపునొప్పి, కూర్చుని లేస్తే కళ్లు చీకట్లు కమ్మడం, పొద్దున పరగడుపున చెమటలు వణుకు. ఉప్పు మీద పిచ్చి ఇష్టం కూడా, మామిడికాయ ముక్క మీద ఉప్పు అద్దుకోవడం కాదు, ఒట్టి ఉప్పు చేతిలో వేసుకుని నాకేంత. ఈ ఉప్పు గోల గ్రంథే పాడైనప్పుడు ఉంటది, పిట్యూటరీ వల్ల వచ్చినప్పుడు సాధారణంగా ఉండదు.

ఇక రంగు మారడం. పుస్తకాల్లో ఒళ్లు నల్లబడుతుందని రాస్తారు, మన రంగు వాళ్లలో అది పట్టుకోవడం కష్టం, ఎండకి తిరిగాడులే అనుకుంటారు. చూడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి: అరచేతి గీతలు, వేళ్ల కణుపుల మీద, చిగుళ్లు, బుగ్గ లోపలివైపు, ఈమధ్య పడిన గాటు మచ్చ. ఎండ తగలని చోట నలుపు తేలిందంటే ఆలోచించాల్సిందే. రెండేళ్ల కిందటి పెళ్లి ఫోటో ఒకటి తీసి పక్కన పెట్టి చూస్కోండి, తమ్ముడి చెయ్యి పక్కన మీ చెయ్యి పెట్టి చూడండి. రోజూ చూసే ఇంట్లోవాళ్లకి తెలీదు, ఆర్నెల్లకి ఊరొచ్చిన చుట్టం "ఏంట్రా ఇంత నల్లబడ్డావ్" అంటాడు, ఆ మాట డాక్టర్‌కి చెప్పండి. ఆర్డర్ రాని రకంలో మాత్రం నలుపు రాదు, పైగా పాలిపోయినట్టు ఉంటారు.

మగవాళ్లకి ఇంకో లెక్క ఉంది. ఆడవాళ్లలో అడ్రినల్ పాడైతే చంకల్లో వెంట్రుకలు రాలడం లాంటివి తెలుస్తాయి, మగవాళ్లలో వృషణాల నుంచి హార్మోన్ వస్తూనే ఉంటది కాబట్టి ఆ గుర్తు దొరకదు. మగవాడికి గడ్డం పలచబడి, కోరిక తగ్గి, దాంతో పాటు కార్టిసాల్ కూడా తక్కువొచ్చిందంటే చూపు పిట్యూటరీ మీదకి వెళ్లాలి. బైక్ యాక్సిడెంట్‌లో తలకి గట్టి దెబ్బ తగిలిందా, తలకి రేడియేషన్ ఇచ్చారా అని వెనక్కి వెళ్లి చూడాలి. ఇంకోటి, రక్తపింజర కాటు. పొలంలో రక్తపింజర కరిచి బతికి బయటపడ్డ కొందరిలో పిట్యూటరీకి రక్తం అందక దెబ్బ తింటది, అది నెలలకో ఏళ్లకో బయటపడుద్ది. మనిషి మెత్తబడిపోయాడు, గడ్డం పోయింది, చలి తట్టుకోలేడు, పనికి పోవట్లేదు అని బద్ధకస్తుడి కింద కట్టేస్తారు. పాము కాటు చరిత్ర ఉన్నవాళ్లింట్లో ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క టెస్టు చేయించండి ప్లీజ్.

స్టెప్ 3: టెస్టు సరైన టైముకి

ఇక్కడే సగం రిపోర్టులు పాడవుతాయి. కార్టిసాల్ రోజంతా ఒకేలా ఉండదు, తెల్లారుజామున పెరిగి పొద్దున ఆరు నుంచి ఎనిమిది మధ్య పైన ఉంటది, సాయంత్రానికి దిగి అర్ధరాత్రికి అడుగంటుద్ది. సాయంత్రం తీసిన రక్తంలో తక్కువొస్తే అది జబ్బు కాదు, గడియారం.

ల్యాబ్ అబ్బాయి ఇంటికొచ్చి తీసేది బుక్ చేస్తే స్లాట్ ఏడున్నరకే ఉంటది, ఆయన మాత్రం ట్రాఫిక్ అని పదకొండింటికి వచ్చి "ఏం కాదు సార్, తీసేద్దాం" అంటాడు. వద్దనండి. ఎనిమిది, మహా అయితే తొమ్మిది లోపల. పరగడుపున ఉండాల్సిన రూల్ కార్టిసాల్‌కి లేదు గానీ ఎలాగూ అదే సూదితో షుగర్, టెస్టోస్టెరాన్ కూడా ఇస్తారు కాబట్టి తినకుండా వెళ్లడమే నయం.

అమెరికా షిఫ్ట్ చేసి పొద్దున నాలుగింటికి పడుకునే ఐటీ వాళ్లకి ఈ ఎనిమిది గంటల లెక్క సరిగ్గా వర్తించదు. మీ షిఫ్ట్ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పండి, మీరు లేచే టైమును బట్టి తీయమంటారు, లేదా సెలవు పెట్టి నిద్ర గాడిలో పడ్డాక తీయమంటారు.

జుట్టుకి వేసుకునే బయోటిన్ మాత్ర రెండు మూడు రోజుల ముందే ఆపండి, కొన్ని మిషన్లలో అది కార్టిసాల్‌ని ఉన్నదానికన్నా ఎక్కువగా చూపించి జబ్బుని దాచేస్తది. ప్రెడ్నిసోలోన్ వాడుతుంటే మాత్ర కూడా టెస్టులో కార్టిసాల్‌లా కనపడొచ్చు, అందుకని డాక్టర్ చెప్తే కనీసం ఒకరోజు గ్యాప్ ఇచ్చి, తర్వాతి మాత్ర వేసుకోకముందు రక్తం ఇస్తారు. లివర్ బాగా దెబ్బతిని ప్రొటీన్ తక్కువ ఉన్నవాళ్లలో అసలు జబ్బు లేకపోయినా మొత్తం కార్టిసాల్ తక్కువ చూపిస్తది, ఆ రిపోర్టులు కూడా పట్టుకెళ్లండి.

కార్టిసాల్‌తో పాటు సోడియం, పొటాషియం, క్రియాటినిన్, షుగర్ కూడా చేయించండి, పెద్ద ఖర్చు కాదు. ఏసీటీహెచ్ టెస్టు మాత్రం అల్లాటప్పాగా తీసేది కాదు, రక్తం ఐస్‌లో పెట్టి వెంటనే మిషన్‌లో తిప్పాలి, బైక్ బ్యాగులో ఊరంతా తిరిగితే నంబర్ తప్పుడుగా తక్కువొస్తది. అది ఆస్పత్రి ల్యాబ్‌లోనే ఇవ్వండి.

లాలాజలంతో రోజుకి నాలుగుసార్లు కార్టిసాల్ చూసి అడ్రినల్ ఎంత అలిసిపోయిందో చెప్పే ప్యాకేజీలు అమ్ముతున్నారు. రాత్రిపూట లాలాజలం టెస్టుకి డాక్టర్లు వాడే చోటు ఉంది, అది కార్టిసాల్ ఎక్కువయ్యే కుషింగ్స్ జబ్బుకి. తక్కువ ఉందేమో తెలుసుకోడానికి ఆ డబ్బు పెట్టొద్దు.

స్టెప్ 4: నంబర్ చదవడం

మన ల్యాబులు ఎక్కువగా మైక్రోగ్రామ్స్ పర్ డెసిలీటర్‌లో ఇస్తాయి. మీ రిపోర్టులో వందల్లో అంకె కనిపిస్తే అది నానోమోల్స్, దాన్ని 27.6తో భాగించండి.

పొద్దున నంబర్ 3 కన్నా తక్కువ ఉంటే లోపం ఉన్నట్టే దాదాపుగా. 15 నుంచి 18 దాటితే దాదాపుగా లేనట్టే. మధ్యలో పడితే ఎవరూ చూసి చెప్పలేరు, స్టిమ్యులేషన్ టెస్టు చెయ్యాలి. ల్యాబ్ నార్మల్ రేంజ్ 5 నుంచి 25 అని వేసి మీది 6 వచ్చిందనుకోండి, రిపోర్టు మీద ఏ ఎర్ర గుర్తూ ఉండదు, అయినా లక్షణాలుంటే 6 అనేది వదిలేసే నంబర్ కాదు. అలాగే 9 వచ్చిన కుర్రాడు, లక్షణాలేమీ లేనోడు, నాకు కార్టిసాల్ లో అని స్టేటస్ పెట్టుకోవాల్సిన పనీ లేదు.

స్టిమ్యులేషన్ అంటే ఏసీటీహెచ్ ఇంజెక్షన్ ఇచ్చి అడ్రినల్ ఎంత పలుకుతుందో చూడటం. విదేశాల్లో సినాక్తెన్ 250 మైక్రోగ్రాములు ఇచ్చి అరగంటకి, గంటకి రక్తం తీస్తారు. మన దగ్గర అది దొరకడం కష్టం కాబట్టి చాలా చోట్ల ఆక్టన్ ప్రొలాంగేటమ్ అనే ఇంజెక్షన్ కండకి ఇచ్చి చేస్తారు. పాత లెక్కలో 18 దాటాలి, కొత్త మిషన్లలో 14, 15 దగ్గరే హద్దు పెడుతున్నారు, అందుకే ఏ మిషన్‌లో చేశారో తెలిసిన డాక్టరే అర్థం చెప్పాలి.

స్టెరాయిడ్ ఆపే దారిలో ఉన్నవాళ్లకి లెక్క వేరు. 2024లో వచ్చిన యూరప్, అమెరికా ఎండోక్రైన్ (హార్మోన్ డాక్టర్ల) సొసైటీల ఉమ్మడి గైడ్‌లైన్ ప్రకారం పొద్దున కార్టిసాల్ 10 దాటితే గ్రంథి తేరుకుంది, ఆపొచ్చు. 5 నుంచి 10 మధ్య ఉంటే ఇప్పుడు వేసుకునే చిన్న డోసు కొనసాగిస్తూ కొన్ని వారాలకో నెలలకో మళ్లీ చూడాలి. 5 కన్నా తక్కువుంటే కొన్ని నెలలు ఆగాల్సిందే. ఏడాది పట్టినవాళ్లు కూడా ఉంటారు, కాబట్టి మూడో నెలలో విసుగొచ్చి ఆపేయకండి.

స్టెప్ 5: ఎందుకొచ్చిందో పట్టుకోవడం

ఇది ఎండోక్రైనాలజిస్ట్, అంటే హార్మోన్ల డాక్టర్ పని. హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, వైజాగ్‌లో కేజీహెచ్, తిరుపతిలో స్విమ్స్‌లో ఈ డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి, ప్రైవేటే కానక్కర్లేదు.

ఏసీటీహెచ్ బాగా ఎక్కువగా ఉండి, సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ అయితే గ్రంథిదే తప్పు. అప్పుడు అడ్రినల్ సీటీ తీస్తారు, ఛాతీ ఎక్స్‌రే, హెచ్‌ఐవీ టెస్టు కూడా. పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా సొంత రోగనిరోధక శక్తే గ్రంథిని తినేసే రకం ఉంటే మన దగ్గర రెండు గ్రంథులూ వాచి కనిపిస్తే ముందు టీబీ, హిస్టోప్లాస్మా అనే ఫంగస్ గుర్తుకు రావాలి. రెండిటి మందులు పూర్తిగా వేరు, అందుకే ముక్క తీసి చూస్తామంటే వద్దనకండి. టీబీ తేలితే మందులు గవర్నమెంట్‌లో ఉచితం.

మగవాళ్లలో, మగపిల్లల్లో ఇంకో కారణం దాదాపు ఎవరికీ తట్టదు, అడ్రినోల్యూకోడిస్ట్రఫీ. జన్యువు తల్లి వైపు నుంచి వస్తది, జబ్బు ఎక్కువగా కొడుకుల్లో గట్టిగా బయటపడ్తది. టీబీ లేదు, గ్రంథిని తినేసే యాంటీబాడీలు లేవు, అయినా అడ్రినల్ పాడైంది అంటే వెరీ లాంగ్ చెయిన్ ఫ్యాటీ యాసిడ్స్ అనే రక్త పరీక్ష అడగండి. కొందరిలో ముందు కార్టిసాలే పడిపోతది, కాళ్లు బిగుసుకోవడం, నడక తేడా ఏళ్ల తర్వాత వస్తాయి. ఈ రిపోర్టు పాజిటివ్ వస్తే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల కొడుకులు, మేనమామలు కూడా చూపించుకోవాలి.

ఏసీటీహెచ్ తక్కువగా ఉంటే పిట్యూటరీ ఎంఆర్‌ఐ, దాంతో పాటు థైరాయిడ్, టెస్టోస్టెరాన్, ఎల్‌హెచ్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ల టెస్టులు. ఒక జాగ్రత్త, థైరాయిడ్, కార్టిసాల్ రెండూ తక్కువున్న మనిషికి ముందు థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే మనిషి పడిపోవచ్చు, ముందు కార్టిసాల్ సరిచేసి తర్వాతే థైరాయిడ్. థైరాయిడ్ మాత్ర వేసుకున్నాక నీరసం ఇంకా పెరిగిందంటే ఈ కోణం డాక్టర్‌కి గుర్తు చెయ్యండి.

స్టెప్ 6: మాత్రలు, టైములు

లోపం తేలితే మందు హైడ్రోకార్టిసోన్, రోజుకి మొత్తం 15 నుంచి 25 మిల్లీగ్రాములు, రెండు మూడు భాగాలుగా. మామూలుగా లేవగానే 10, మధ్యాహ్నం 5, సాయంత్రం నాలుగైదు లోపు ఇంకో చిన్న డోసు. మొదటిది మంచం దిగకముందే వేసుకునేలా దిండు పక్కన మాత్ర, నీళ్ల బాటిల్ పెట్టుకోండి, కాఫీ తర్వాత చూద్దాం అనుకుంటే ఆ గంటంతా బరువుగా గడుస్తది. ఆఖరి డోసు రాత్రి వేస్తే నిద్ర పట్టదు. కొందరికి ప్రెడ్నిసోలోన్ 3 నుంచి 5 మిల్లీగ్రాములు ఒకేసారి ఇస్తారు, చవక, సులువు.

గ్రంథే పాడైనవాళ్లకి ఉప్పు నిలిపే ఫ్లూడ్రోకార్టిసోన్ కూడా కావాలి, రోజుకి 50 నుంచి 100 మైక్రోగ్రాములతో మొదలుపెడ్తారు. పిట్యూటరీ రకానికి ఇది అక్కర్లేదు. ఈ మాత్రలు ప్రతి షాపులో ఉండవు, హైడ్రోకార్టిసోన్ అయితే మాలాంటి చిన్న షాపువాళ్లం తెప్పించి ఇవ్వాల్సిందే, అందుకని స్ట్రిప్ అయిపోయే రోజున రాకండి, రెండు మూడు వారాల స్టాక్ ఎప్పుడూ చేతిలో ఉంచుకోండి.

"స్టెరాయిడ్ కదా, కిడ్నీలు పోతాయంట" అని ఇంట్లో పెద్దవాళ్లు మాన్పించేది ఇక్కడే. ఒంట్లో తయారవ్వాల్సింది తయారవ్వట్లేదు, దాన్నే అదే మోతాదులో బయట్నుంచి ఇస్తున్నాం, అంతే. అవసరానికి మించి వేసుకుంటేనే ముఖం ఉబ్బడం, పొట్ట రావడం, షుగర్, ఎముకలు బోలు పడటం. ఓపిగ్గా ఉందని ఇంకో సగం ఇంకో సగం పెంచుకుంటూ పోయేవాళ్లూ ఉంటారు, అది కూడా తప్పే.

స్టెప్ 7: జ్వరం రోజుల రూల్, ఇది మాత్రం బట్టీ పట్టండి

మామూలు మనిషికి జ్వరమొస్తే అడ్రినల్ తనంతట తానే కార్టిసాల్ పెంచుద్ది. మీకు పెరగదు, మీరే పెంచాలి. సాధారణంగా డాక్టర్లు చెప్పేది, జ్వరం 100.4 దాటితే హైడ్రోకార్టిసోన్ రెట్టింపు, 102 దాటితే మూడింతలు, తగ్గాక ఒకటి రెండు రోజుల్లో మళ్లీ పాత డోసు. డెంగీ, టైఫాయిడ్ సీజన్‌లో ఇది ప్రాణం మీది విషయం. పన్ను పీకించుకోవాలన్నా, ఆపరేషన్ అన్నా ముందే చెప్పాలి, ఆపరేషన్ అప్పుడు 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్‌తో మొదలుపెడ్తారు.

వాంతులైతే మాత్ర లోపల నిలవదు. వేసుకున్న కాసేపట్లో వాంతైతే ఇంకోటి వేసుకోండి, అదీ బయటికొస్తే ఇక ఆలోచించొద్దు, హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు తొడ కండకి పొడిచి 108కి ఫోన్ చెయ్యాలి. కార్టిసాల్ చాలక ప్రాణం మీదికొచ్చే స్థితినే క్రైసిస్ అంటారు, అది ఇలా ఉంటది: బీపీ పడిపోవడం, చల్లటి చెమటలు, భరించలేని కడుపునొప్పి, మాట తడబడటం, మత్తు. ఆస్పత్రిలో 100 ఇంజెక్షన్, వేగంగా సెలైన్, ఆ తర్వాత 24 గంటల్లో 200 దాకా ఇస్తారు. పండక్కి రెండు పెగ్గులెక్కువై వాంతులతో మాత్ర పోగొట్టుకుని వచ్చినా అదే కథ, డ్యూటీ డాక్టర్ మందు వాసన చూసి పడుకోబెట్టి వెళ్లిపోయే ప్రమాదం ఉంది, పక్కనున్నోళ్లు నోరు తెరిచి చెప్పాలి.

ఒక రోజు అనుమానంతో ఎక్కువ డోసు వేసుకుంటే ఏం కాదు, అవసరమైన రోజు వేసుకోకపోతేనే ప్రమాదం.

స్టెప్ 8: ఎండ, దీక్ష, ఉపవాసం

మే నెలలో పల్నాడు వైపో రామగుండం వైపో చెమటలు కారే పని చేసే అడిసన్స్ మనిషికి ఉప్పు ఊరికే పోతది. మజ్జిగలో ఉప్పు, ఓఆర్ఎస్ దగ్గరుంచుకోండి, డాక్టర్ని అడిగితే ఎండాకాలం ఫ్లూడ్రోకార్టిసోన్ కాస్త పెంచుతారు. ఎక్కువ బీపీ ఉన్నవాళ్లు, పిట్యూటరీ రకం వాళ్లు దీన్ని చదివి ఉప్పు పెంచుకోవద్దు.

అయ్యప్ప మాల వేసుకునేవాళ్లు అడుగుతుంటారు. తెల్లారుజామున చన్నీళ్లు, ఒంటిపూట భోజనం, ఆ తర్వాత కొండ ఎక్కడం, 41 రోజులు. మాత్ర మానకుండా, పొద్దునే కాస్త పాలో పండో తీసుకుని, ఇంజెక్షన్ కిట్ ఇరుముడితో పాటు వచ్చే స్వామి చేతికిచ్చి వెళ్లాలి, అదీ డాక్టర్ ఒప్పుకుంటేనే. రంజాన్ ఉపవాసం ఈ జబ్బుకి ఎక్కువ రిస్క్ కిందే లెక్క, నెల ముందే వెళ్లి మాట్లాడండి, జబ్బు మనిషికి మినహాయింపు ఉంది కదా.

స్టెప్ 9: అడ్రినల్ సపోర్ట్ డబ్బాల సంగతి

అడ్రినల్ ఫెటీగ్ అనే జబ్బుని ఎండోక్రైన్ డాక్టర్ల సంఘాలు ఒప్పుకోవు. 2016లో 58 స్టడీలు కలిపి చూసిన రివ్యూ ఒకటి ఆ జబ్బుకి ఆధారం లేదని తేల్చింది. నీరసం అబద్ధమని కాదు, కారణం అది కాదని.

డబ్బాలో ఏముందో ఇంకా ముఖ్యం. 2018లో అమెరికాలో 12 రకాల అడ్రినల్ సపోర్ట్ సప్లిమెంట్లు పరీక్షిస్తే అన్నిట్లో థైరాయిడ్ హార్మోన్ దొరికింది, సగానికి పైగా వాటిల్లో లేబుల్ మీద లేని స్టెరాయిడ్ హార్మోన్ దొరికింది. అంటే వేసుకున్న వారంలో హుషారు రావడం సహజమే, మన పేపర్ పొట్లంలో బుల్లి మాత్ర కథే ఇది కూడా, కాకపోతే ప్యాకింగ్ బాగుంది. అది మీ సొంత గ్రంథిని నిద్రపుచ్చుద్ది.

అశ్వగంధ సంగతి తమాషా. దాని మీద జరిగిన స్టడీల్లో కార్టిసాల్ తగ్గినట్టు చూపించారు, టెన్షన్‌కి అది మంచిదని అమ్మేది ఆ పాయింట్ మీదే. మరి కార్టిసాల్ తక్కువుందని అదే అశ్వగంధ ఎందుకు తింటున్నారో అమ్మేవాళ్లే చెప్పాలి. లివర్ దెబ్బతిన్న కేసులు కూడా వచ్చాయి. అతిమధురం ఒంట్లో ఉన్న కార్టిసాల్ ప్రభావాన్ని పెంచే మాట నిజమే గానీ ఎక్కువైతే బీపీ పెంచి పొటాషియం పడగొడ్తది, ఫ్లూడ్రోకార్టిసోన్ వేసుకునేవాళ్లు దాని జోలికే పోవద్దు.

టెస్టులో కార్టిసాల్ బాగానే ఉండి నీరసం పోకపోతే గురక టెస్టు, బీ12, థైరాయిడ్, హిమోగ్లోబిన్, పొద్దున టెస్టోస్టెరాన్, మూడు నెలల షుగర్, వీటికి ఆ డబ్బులు పెట్టండి.

స్టెప్ 10: పర్సులో కాగితం, ఫ్రిజ్ మీద కిట్

ఒక చిన్న కార్డు మీద ఇది రాయించి లామినేట్ చేయించండి, తెలుగులో ఒకవైపు, ఇంగ్లీషులో ఇంకోవైపు: "నాకు అడ్రినల్ లోపం ఉంది. రోజూ స్టెరాయిడ్ మాత్ర మీద ఉన్నాను. స్పృహ తప్పినా, వాంతులైనా, యాక్సిడెంట్ అయినా వెంటనే హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు ఇవ్వండి, సెలైన్ పెట్టండి. టెస్టు రిపోర్టుల కోసం ఆగొద్దు." కింద డాక్టర్ నంబర్, ఇంట్లోవాళ్ల నంబర్. ఫోన్ లాక్ స్క్రీన్ మీద కూడా అదే పెట్టండి, యాక్సిడెంట్‌లో పర్సు దొరక్కపోవచ్చు.

కిట్‌లో హైడ్రోకార్టిసోన్ 100 వయల్ రెండు, కలిపే నీళ్లు, సిరంజిలు, సూదులు, దూది. భార్యకో, పెద్ద కొడుకుకో, రూమ్‌మేట్‌కో డాక్టర్ దగ్గరే ఒకసారి పొడవడం నేర్పించండి, నారింజ పండు మీద ప్రాక్టీస్ చేయిస్తారు చాలామంది నర్సులు. వయల్ మామూలు గది వేడిలో ఉంటే చాలు, ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డులో మాత్రం వదిలేయకండి. ఎక్స్‌పైరీ తేదీ చూసి దానికి నెల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి, కొత్తది చేతికొచ్చాకే పాతది పారేయండి.